బోణీకి పనికిరాని లాయ్

క్వీ న్యోన్ అనే ఊళ్ళో చేపల రేవు వెనక వీధికి వెళ్తే సముద్రం హోరు కన్నా ముందు లాయ్ గొంతు వినిపిస్తుంది. మనిషి పొట్టి. గట్టి పిండం. నలభై దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర గొడుగు. ఎండయినా వానయినా దాన్ని విప్పదు, పైకెత్తి ఊపుతుంది, అంతే. దాని వెనకాల ఏయే దేశాల నుంచో వచ్చిన ఆరేడుగురు మెడలో కెమెరాలు వేలాడేసుకుని, చెమటలు కక్కుతూ, బిక్కుబిక్కుమంటూ రోడ్డు దాటుతుంటారు.

“ఆగకండి! పరిగెత్తకండి! మీ నడక మీరు నడవండి, బళ్ళే మిమ్మల్ని తప్పించుకుని పోతాయి!” అని అరుస్తుంది లాయ్. అవతలి పక్కకి చేరాక అందరినీ ఓసారి కలియజూసి, “చూశారా, ఒక్కరూ చావలేదు. పదండి, తిందాం,” అంటుంది.

అదే ఆవిడ బతుకుతెరువు. ఊరు చూడడానికి వచ్చినవాళ్ళని వీధి వీధీ నడిపిస్తూ, బండి దగ్గర ఒకటీ కొట్టు దగ్గర ఒకటీ తినిపించడం. చేపముద్దల సేమ్యా పులుసు, అరచెయ్యంత రొయ్యట్టు, బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం, చివర్న చెరుకురసం. మొదటి చోటే కడుపు నింపుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెబుతుంది. ఒక్కరూ వినరు. మూడో కొట్టుకొచ్చేసరికి నడుం మీద చెయ్యేసుకుని ఆయాసపడుతుంటారు. “నేను చెప్పానా లేదా? ఇప్పుడు నడవండి, అరుగుతుంది,” అని గొడుగెత్తి ముందుకి సాగిపోతుంది.

ఇంత చలాకీ మనిషికి ఆ వీధిలో ఒక చెడ్డపేరుంది. లాయ్ బోణీకి పనికిరాదు.

ప్రతి మనిషి వెంటా కంటికి కనపడని ఛాయ ఒకటి తిరుగుతుందనీ, కొందరిది తేలికనీ, కొందరిది బరువనీ అక్కడివాళ్ళ నమ్మకం. తేలిక ఛాయ మనిషి వచ్చి తొలి బేరం చేశాడా, సరుకు రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. బరువు ఛాయ మనిషి చేశాడా, సాయంత్రందాకా ఈగలు తోలుకోవాల్సిందే. పొద్దున్నే వచ్చి ధర అడిగి, సరుకు ముట్టుకుని, కొనకుండా పోయినవాళ్ళ సంగతి ఇంక చెప్పనక్కర్లేదు. వాళ్ళు వీపు తిప్పగానే కాయితం ముక్క వెలిగించి, గంపల చుట్టూ, పీటల కిందా తిప్పి దోషం వదిలించుకుంటారు.

లాయ్ ఆ తప్పు పదేళ్ళప్పుడు చేసింది. తల్లి రేవులో వలలు బాగుచేసేది. ఒక తెల్లవారుజామున గిన్నె చేతికిచ్చి, థామ్ పిన్ని దగ్గర బాన్ బేవ్ పట్టుకురమ్మంది. చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో బియ్యప్పిండి పోసి, ఆవిరి మీద ఉడికించి, పైన ఎండురొయ్యల పొడీ, కరకరలాడే రొట్టె ముక్కలూ, ఉల్లికాడల నూనే చల్లి ఇస్తారు దాన్ని. థామ్ పిన్ని అప్పటికి వయసులో ఉంది, వీధి చివర ఒక పాత గోడవారన గుడ్డ పరదా కింద కొత్తగా అమ్మకం పెట్టింది. లాయ్ వెళ్ళింది. ధర అడిగింది. ఒక గిన్నె ఎత్తి వెలుతురుకేసి పెట్టి చూసింది. తిండి దగ్గర పేచీ పెట్టడం ఆ పిల్లకి పుట్టుబుద్ధి.

“ఇవాళ పిండి మందంగా ఉంది పిన్నీ. రేపొస్తాలే,” అని గిన్నె అక్కడ పెట్టేసి, తన ఖాళీ గిన్నె ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ పూటే గాలి లేచి, పరదా గుంజతో సహా వచ్చి ఆవిరి కుండ మీద కూలింది. సరుకంతా బురదపాలు. థామ్ పిన్ని నెత్తీ నోరూ కొట్టుకుని, వీధంతా వినేలా లాయ్ ఛాయ ఇనప గుండంత బరువని చాటింది. మర్నాటి నుంచీ ఆ పిల్ల అటుగా నడిస్తే చాలు, కాయితం వెలిగేది. థామ్‌ని చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. “ఒసే లాయ్, ఆగవే! ఇంకా బోణీ కాలేదు, అటే నిలబడు!” అని పులుసు కొట్టామె, రసం బండాయన, ఆఖరికి ఉప్పు అమ్మే ముసలమ్మ కూడా.

ఇంకొకరైతే ఏడ్చి ఇంట్లో కూర్చునేవారు. లాయ్ కూర్చునే రకమా? మంచు దిమ్మల గోదాం గోడకి వీపు ఆనించి, ఎవరో ఒకరు తొలి బేరం చేసేదాకా రోజూ అక్కడే నిలబడేది. నిలబడ్డ మనిషి ఊరుకుంటుందా, కళ్ళున్నాయి కదా, చూసేది. ఎవరు నిన్నటి నూనె మళ్ళీ పోస్తున్నారో, ఎవరి పులుసు ఏ వేళకి దిగుతుందో, ఏ కొట్టులో ఏ పూట ఏది తినాలో, ఆ గోడ దగ్గరే ఆవిడకి తెలిసింది. కడుపులో మంట లేకపోలేదు. కాయితం వాసన వచ్చినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేది. కానీ తిండి మీద అలగలేదు.

పెద్దయ్యాక బీచి దగ్గర ఒక హోటల్లో దుప్పట్లుతికే పనికి కుదిరింది. అక్కడే నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టింది. ఒకసారి గదిలో దిగిన ఒక జంట, “మీరెక్కడ తింటారు?” అని అడిగారు. లాయ్‌కి ఇంతకన్నా తేలికైన ప్రశ్న జన్మలో ఎదురు కాలేదు. చెప్పలేదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వాళ్ళు ఇంకెవరికో చెప్పారు, ఆ ఇంకెవరో మరెవరికో. దుప్పట్లు పోయి గొడుగు వచ్చింది.

ఆవిడ నడక మాత్రం వీధిలో బోణీలన్నీ అయ్యాకే మొదలవుతుంది. తమని పొద్దెక్కేదాకా నిద్రపోనిస్తున్న దయగల తల్లి అనుకుంటారు అతిథులు. తొలి బేరం అయిపోయాక ఎవరికీ లాయ్‌తో పేచీ లేదు. ఆరేడుగురిని వెంటేసుకొస్తుంటే ఎవరు కాదంటారు? “రావే రా, పీటలు వేశాను,” అంటారు పొద్దున్న ఆగమన్నవాళ్ళే. ఒక్క థామ్ పిన్ని తప్ప. ఆవిడ ఏ వేళప్పుడూ లాయ్‌కి ఒక్క గిన్నె అమ్మలేదు. ఊళ్ళోకెల్లా మంచి బాన్ బేవ్ లాయ్ నడకలో లేదు. అతిథులు ఆ ఆవిరి చూసి, “అక్కడికి వెళ్దామా?” అంటే, “అక్కడ ఇవాళ సెలవు,” అనేది. కుండ ఎదురుగా పొగలు కక్కుతున్నా సరే, సెలవే.

ఈ మధ్య కాలవలు తవ్వి, పరదా కట్టిన ఆ పాత గోడ పడగొట్టేశారు. థామ్ పిన్నికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. అయినా కూతురు హాన్ పట్టుబట్టి, మంచు గోదాం పక్కనే ఒక గది అద్దెకి తీసుకుంది. కిందికి దించే ఇనప తలుపు, పైన కొత్త బోర్డు, లోపల నేల మీద లాభాలిచ్చే బొజ్జ దేవుడి గూడు. ఇన్నేళ్ళ తర్వాత తల్లీకూతుళ్ళకి నాలుగు గోడలు. ముహూర్తం పెట్టించారు. బోణీకి బంగారం కొట్టు బిక్‌ని పిలిచారు. ఆవిడకి తల్లీ తండ్రీ బతికున్నారు, పిల్లలు చక్కగా ఉన్నారు, ఎక్కడ కాలు పెడితే అక్కడ కలిసొస్తుందని పేరు. ప్రారంభం నాటి బోణీ ఎలా ఉంటే కొట్టు జాతకం అలా ఉంటుందని వీధంతా అనుకునేదే.

ఇదంతా లాయ్‌కి తెలుసు. ఆ రోజు ఒక పడవ పట్టుకోవాలని అతిథులు తొందరపెడితే మామూలు కన్నా ముందే బయల్దేరాల్సి వచ్చింది. అందుకని అందరినీ ఆ కొత్త కొట్టుకి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులో కూర్చోబెట్టింది. “బొట్టుబొట్టుగా దిగుతుంది, చూడండి. తొందరపడితే రుచి పోతుంది,” అంది. గ్లాసు మీద పెట్టిన రేకు గిన్నెలోంచి కాఫీ దిగేసరికి బిక్ వస్తుంది, బోణీ అవుతుంది, తన దారిన తాను పోవచ్చు. ఇదీ లెక్క.

లెక్క తప్పింది ఎక్కడంటే, అందులో ఒకాయన కాఫీ తాగడు. యోస్త్ అని హాలెండు మనిషి, తాటిచెట్టంత పొడుగు. లాయ్ చక్కెర పాల సంగతి వివరిస్తుండగానే లేచి, రోడ్డు తానే దాటేసి, ఆవిరి ఎక్కడ వస్తోందో అక్కడికి వెళ్ళి, కొత్త పీట మీద మోకాళ్ళు చెవులకి తగిలేలా కూర్చున్నాడు.

హాన్ లోపల అగరొత్తులు వెలిగిస్తోంది. థామ్ పిన్ని తలెత్తి చూసింది. బొద్దుగా, తెల్లగా, నవ్వుతూ ఉన్నాడు. బిక్ ఎంతకీ రావడం లేదు, ముహూర్తం జారిపోతోంది. పోనీ, దేవుడే పంపాడేమో అనుకుని గిన్నె తీసి రెండు చేతులా ఇచ్చింది. ఆయన అందుకున్నాడు. వేళ్ళతో ధర అడిగాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, ఎర్రటి పొడి చూసి, “రొయ్యలా?” అన్నాడు. మాంసం ముట్టడు, చేపలు ముట్టడు. గిన్నె జాగ్రత్తగా తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టి, దణ్ణం పెట్టి లేచాడు.

థామ్ పిన్ని పెట్టిన కేక రేవుదాకా వినపడింది. “కొంప మునిగిందే హాన్! కాయితం తేవే!”

లాయ్ గొడుగు కూడా వదిలేసి పరిగెత్తుకొచ్చేసరికి కాయితం మండుతోంది. ముసలావిడ దాన్ని పీట కింద, కుండ చుట్టూ, గడప మీద తిప్పుతూ ఊగిపోతోంది. యోస్త్ దాన్ని తనకి చేస్తున్న స్వాగతం అనుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఫొటోలు తీస్తున్నాడు. లాయ్‌ని చూడగానే థామ్ పిన్ని చేతిలో కాయితం కింద పడింది.

“నువ్వా? వీడు నీ మనిషా?”

“నా మనిషే పిన్నీ. చూసుకోలేదు. తప్పు నాదే.”

“నీదే! ఇంకెవరిది? నా పరదా పడగొట్టావు, ఇప్పుడు నా కొట్టు కూల్చడానికి ఏనుగుని తోలుకొచ్చావా? హాన్, మంట ఆర్పు. తలుపు దించు. ఇవాళ లేదు, రేపు లేదు, అసలీ గదే వద్దు మనకి.”

హాన్ మొహం మాడిపోయింది. రాత్రంతా రుబ్బిన పిండి కుండల్లో ఉంది. ప్రారంభం నాడే తలుపు దించిన కొట్టులో ఇంకెవరు అడుగు పెడతారు? ఆ తలుపు కిందికి దిగిందంటే దాని మీద లాయ్ పేరే ఉంటుంది, చచ్చేదాకా. లాయ్ మనుషులు కాలు పెడితే కొట్టు మూతపడుతుందని చెప్పుకుంటారు. ఇంక ఏ కొట్టాయనా ఆవిడకి పీట వెయ్యడు. గొడుగు మడిచి మళ్ళీ దుప్పట్లుతుక్కోవాల్సిందే.

హాన్ తలుపు కొక్కెం మీద చెయ్యి వేసింది. లాయ్ ముందుకొచ్చి యోస్త్‌ని పక్కకి నెట్టి, అదే పీట మీద కూర్చుంది.

“ఒక గిన్నె పెట్టు పిన్నీ. బోణీ నేను చేస్తాను.”

ఎదురు కొట్టులో కాఫీ తాగుతున్న జాలర్లు లేచి నిలబడ్డారు. థామ్ పిన్ని గరిటె ఎత్తి మీదికొచ్చింది.

“లేవే! లే అక్కణ్ణించి! పుండు మీద కారం చల్లడానికి వచ్చావా? నీ ఛాయ సంగతి నీకు తెలీదా?”

“తెలుసు. ఇన్నేళ్ళూ నా వెనకాల కాయితాలు తగలబెడుతూనే ఉన్నావు కదా. ఒకటడుగుతా, చెప్పు. కాయితం పనిచేస్తుందా, చెయ్యదా?”

“చెయ్యకేం! మా అమ్మ కాలం నుంచీ చేస్తోంది.”

“చేస్తే, ఇన్నేళ్ళు కాల్చిన కాయితాలకి నా బరువంతా ఎప్పుడో బూడిదైపోయి ఉండాలి. నేనిప్పుడు దూదిపింజని. బిక్ కన్నా తేలిక. చెయ్యదంటావా, నా ఛాయ బరువని చెప్పిందీ ఒట్టిదే, ఇవాళ ఈయన తెచ్చిన దోషమూ ఒట్టిదే. ఏదో ఒకటి ఒప్పుకో. ఏది ఒప్పుకున్నా నాకు ఒక గిన్నె పెట్టాలి.”

జాలర్లలో ఒకాయన కిసుక్కుమన్నాడు. హాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. థామ్ పిన్ని కింద పడ్డ కాయితం బూడిదని కాలితో పక్కకి తోసింది.

“మాటలు బాగా నేర్చావే.”

“మంచు గోదాం గోడ దగ్గర నిలబెట్టి నువ్వే నేర్పావు.”

ముసలావిడ కుండ మూత తీసింది. గిన్నె తీసి, పొడి చల్లి, నూనె పోసి, లాయ్ వైపు చూడకుండా ఆవిడ ముందు ఠక్కున పెట్టింది. లాయ్ చెంచాతో అంచు విడదీసి నోట్లో వేసుకుంది. చిన్నప్పుడు వద్దని పెట్టేసి పోయిన గిన్నె అది. అప్పటి నుంచీ దాని వాసన తప్ప రుచి ఎరగదు. కళ్ళు మూసుకుని మింగింది.

“పల్చగా ఉంది. సరిగ్గా ఉంది,” అంది. పెద్ద నోటు తీసి బల్ల మీద పెట్టి, చిల్లర వద్దంది. బోణీ చేసేవాళ్ళు అలాగే చెయ్యాలి.

తర్వాత వెనక్కి తిరిగి ఎర్ర గొడుగు లేని చెయ్యే పైకెత్తి ఊపింది. కాఫీ వదిలేసి అతిథులందరూ రోడ్డు దాటొచ్చారు. యోస్త్‌కి హాన్ రొయ్యలు లేకుండా, ఉల్లికాడల నూనే రొట్టె ముక్కలే వేసి పెట్టింది. ఆయన తిన్న గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే గడ్డందాకా వచ్చాయి. ఆ గోపురం చూడ్డానికి జనం మూగారు, మూగినవాళ్ళు కూర్చున్నారు. బంగారం కొట్టు బిక్ జుట్టు చుట్టించుకుని, కొత్త బట్టలు కట్టుకుని తీరిగ్గా దిగేసరికి కూర్చోవడానికి పీట లేదు. “నన్ను పిలిచింది దేనికమ్మా?” అని మూతి ముడుచుకుంది. మధ్యాహ్నానికి ముందే కుండలు కడిగి బోర్లించారు.

థామ్ పిన్ని మాత్రం లాయ్‌తో ఒక్క మాటా అనలేదు. లాయ్ కూడా ఆశ పెట్టుకోలేదు.

మర్నాడు నడక లేదు. అయినా అలవాటు చొప్పున లాయ్ తెల్లారగట్లే వీధికొచ్చి, గోదాం గోడకి వీపు ఆనించింది. పక్క గది తలుపు ఎత్తే ఉంది. కుండ పొగలు కక్కుతోంది. పీటల మీద ఇద్దరు జాలర్లు చెంచాలు పట్టుకుని కూర్చున్నారు. కానీ వాళ్ళ ముందు ఒక్క గిన్నె లేదు.

“ఎంతసేపమ్మా? పడవ పోతుంది మాది,” అంటున్నాడు ఒకాయన.

“ఉండవయ్యా. బోణీ కావాలి.”

“మేం చేస్తాం కదా!”

“మీరు కాదు,” అని థామ్ పిన్ని గుమ్మంలోకొచ్చి నిలబడింది. “ఏమే లాయ్! రావేం?”

లాయ్ కదల్లేదు. చిన్నప్పటి నుంచీ మింగిన కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది. ఒక్క పూట సరుకు అమ్ముడుపోయిందని ఇప్పుడు పిలుస్తుందా? పిలిస్తే తోకాడించుకుంటూ పోవాలా?

“ముందు ఎవరినైనా కొననీ పిన్నీ. నాకిది అలవాటే కదా,” అంది గట్టిగా.

థామ్ పిన్ని గుమ్మం పట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్టు దిగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కాకి తుడుచుకుంది.

“ఆ రోజు పిండి మందంగానే ఉందే,” అంది. “రుబ్బి రుబ్బి చేతులు నొప్పెట్టి తొందరగా తీసేశాను. నీళ్ళు తగ్గాయి. గాలి రాకపోయినా ఆ పూట ఎవరూ మెచ్చేవారు కాదు. నీ మీద పెట్టి నేను తప్పించుకున్నాను. వచ్చి ఇవాళ్టిది ఎలా ఉందో చూసి చెప్పు. చెప్పందే ఎవరికీ పెట్టను.”

లాయ్ గోడ వదిలి నడిచింది. పీట మీద కూర్చుంది. గిన్నె ఎత్తి, చిన్నప్పటి లాగే వెలుతురుకేసి పెట్టి చూసింది. జాలర్లిద్దరూ మెడలు సాచారు. తింది. ఇంకోటి అడిగి తింది. డబ్బులు బల్ల మీద పెట్టి, వాటి మీద చెయ్యి అలాగే ఉంచింది.

“బాగుంది. పిన్నీ, కొసరు వెయ్యి.”

వీధి కొయ్యబారిపోయింది. తొలి బేరంలో కొసరు అడిగినవాళ్ళని అక్కడ చీపురు తిరగేసి తరుముతారు. కాఫీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపేశాడు. హాన్ చెయ్యి దానంతటదే బల్ల కింద కాయితాల కట్ట మీదికి పోయింది.

థామ్ పిన్ని కూతురి చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఆ కట్ట లాక్కుని పొయ్యిలోకి తోసింది. గరిటె తీసుకుని తనే రెండు గిన్నెలు లాయ్ ముందు పెట్టి, జాలర్ల వైపు తిరిగింది.

“ఇప్పుడు చెప్పండయ్యా, ఎన్ని కావాలి? బోణీ అయింది.”